శిరస్త్రాణాలు లేని సైన్యం

తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. మీ వదిన మోకాళ్ళు మాత్రం మెట్లు కనిపిస్తే మొరాయిస్తున్నాయి. మరదలి దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం. తగ్గింది కదా అని మందు మధ్యలో ఆపనివ్వకు.

"అరవై దాటాక బొమ్మలతో ఆటలేంటి అన్నయ్యా, ఇంతకీ ఏ సైన్యం తీసుకున్నావు?" అని అడిగావు. నవ్వుకో, నాకేం కష్టం లేదు. ఆదివారాలు గ్రంథాలయం మేడమీద ఎనిమిది మందిమి చేరతాం. బల్ల మీద అట్టముక్కలతో చేసిన కొండలు, కోటలు, వేలెడంత సైనికులు. ఎవరి సైన్యానికి వాళ్ళే రంగులు వేసుకోవాలి. పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి, ఒకరి మీదికి ఒకరు నడిపించాలి. గాజు మీద నగిషీలు చెక్కిన చెయ్యి కదా, రంగులు వేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆటలో మాత్రం అందరికంటే వెనకే.

ఆట పుస్తకంలో ఆరు సైన్యాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో చరిత్ర. ఆట నేర్పే లెక్కల టీచరు నన్ను ఇనప ఏనుగుల సైన్యం తీసుకోమంది. "బలం చూసి తీసుకోండి, కథలు తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు" అంది. నేను కథలే ముందు చదివాను. నాలుగో సైన్యం దగ్గర ఆగిపోయాను.

ఆ సైన్యం ఒక కోటకు కాపలా. ముట్టడి మొదలైన నలభయ్యో రోజున లోపలివాళ్ళే ఎవరో నీటి ద్వారం తెరిచారు. కోట పోయింది. తెరిచిందెవరో తేలలేదు. తేలేదాకా ఆ సైన్యంలో ఎవరూ శిరస్త్రాణం పెట్టుకోరట, వట్టి తలలతోనే యుద్ధానికి వెళ్తారట. అందుకే ఆటలోనూ తొందరగా చస్తారు. "వీళ్ళతో ఇక్కడ ఇంతవరకూ ఎవరూ గెలవలేదండీ" అంది టీచరు. "గెలవడానికి కాదులేమ్మా" అన్నాను.

మా దగ్గర ఒక పద్ధతుంది. కొత్తగా చేరినవాళ్ళు తమ దళపతికి అరపేజీ చరిత్ర కల్పించి, అందరి ముందూ చదవాలి. నేను మూడు రోజులు కూర్చుని రాశాను. ద్వారం తెరిచింది నా దళపతేనని రాశాను. తాళంచెవి ఆ వారం అతని తమ్ముడి దగ్గరుందనీ, నింద ఆ తమ్ముడి మీద పడిందనీ, అతను ఊరు వదిలి పోతుంటే అన్న నోరు మెదపలేదనీ రాశాను. చదవడం అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. "భలే కల్పించారండీ" అంది టీచరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కాగితం గబగబా మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలి. సమ్మెలో గాజు ఫ్యాక్టరీ వెనక గేటు తెరిచింది నేను. ఎవరూ పనిలోకి పోకుండా ఆ గేటుకు వేసిన తాళం చెవిని ఆ వారం యూనియన్ నీ చేతికిచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ నువ్వు చొక్కా మేకుకు తగిలించి కుళాయి దగ్గరికి వెళ్ళావు. నీ జేబులోంచి చెవి తీశాను. మన బదులు పని నడపడానికి మేనేజరు తెచ్చిన మనుషుల్ని లోపలికి పంపాను. నువ్వు తింటుండగానే చెవి మళ్ళీ నీ జేబులో పెట్టేశాను. కొలిమి చల్లారితే లోపలి గాజు గడ్డకట్టి కొలిమే పగిలిపోతుంది, ఫ్యాక్టరీయే మూతపడుతుంది, నేను చేసింది అందరి మేలుకేనని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నగిషీ విభాగానికి నన్ను మేస్త్రీని చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

నలుగురిలో నిన్ను ద్రోహి అన్న రోజు నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. నువ్వు ఒక్కసారి నా వైపు చూశావు. తెలిసి చూశావో, అన్నయ్య ఏదైనా అంటాడని ఆశపడి చూశావో, ఇరవై ఆరేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను. అంతా తెలిసే ఇన్నాళ్ళూ ఉత్తరాలు రాశావంటే తట్టుకోలేను. తెలియక రాశావన్నా తట్టుకోలేను. సిగ్గుతో చచ్చిపోతున్నాను తమ్ముడూ.

మొన్న మీ వదినకు చెప్పాను. "నాతో చెప్పి ఏం లాభం? చెప్పాల్సిన చోట చెప్పండి" అంది.

నిన్న పాత కార్మికుల సమావేశానికి ఆ అరపేజీ పట్టుకుని వెళ్ళాను. దళపతి అని ఉన్న చోటల్లా నా పేరు పెట్టి, తమ్ముడు అని ఉన్న చోటల్లా నీ పేరు పెట్టి చదివాను. నా పక్కన కూర్చున్న ఆయన లేచి వెనక వరసలోకి వెళ్ళిపోయాడు. ఆయన్ని తప్పుపట్టను.

అప్పుడు సమ్మె నడిపిన పెద్దాయన, సభ్యుల పుస్తకంలోంచి నీ పేరు కొట్టేసిన ఆయనే, కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ఇప్పుడాయనకు చూపు సరిగా ఆనదు. "నీతో నాకు మాటల్లేవు. వాడి అడ్రసు చెప్పు. నన్ను క్షమించమని వాణ్ణి అడగాలి" అన్నాడు. చెప్పాను. కూతురి చేత రాయించుకున్నాడు, సరిగా రాసిందో లేదోనని రెండుసార్లు చదివించుకున్నాడు.

ఆయన ఉత్తరం రెండు మూడు రోజుల్లో నీకు అందుతుంది. పెద్దవాడు, ఎదురుచూస్తుంటాడు. దానికి వెంటనే జవాబు రాయి. నాకు రాయడమా మానడమా అన్నది నీ ఇష్టం.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు