ట్యూనా మీద గుండ్రటి గాయం

మార్చి 12, ఆదివారం

మామయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాసి కొట్టేశాను. నీ క్షేమం చెడగొట్టింది నేనే. రెండు వీధుల అవతలికి ఉత్తరమేమిటని అత్తయ్య నవ్వుతుంది. నవ్వనీ. నీ ఎదురుగా నిలబడే మొహం నాకు లేదు.

ఆ రోజు నీకు క్యారియర్ తెచ్చాను. నువ్వు చేపలు కోసే షెడ్డులో మూడు ట్యూనాల మీద గుండ్రటి గుంటలు, గరిటెతో తోడినట్టు. కండ నువ్వే కోసి దాచావని మేనేజరు అరుస్తున్నాడు. నన్ను చూసి, చేపల చదువేగా నీది, నువ్వే చెప్పమ్మా, ఏ చేపైనా ఇలా కొరుకుతుందా అన్నాడు. నేను ఒంగి చూసి, ఇది కోతే గాని కాటు కాదు అన్నాను.

అది నిజమో కాదో ఆలోచించలేదు మామయ్యా. చెవికి బాగుందని అన్నాను. ఐసు కొట్టేవాళ్లు కూడా ఆ మాటే పాటలా అందుకుంటే లోలోపల పొంగిపోయాను. నువ్వు మాత్రం, చదువుకున్న పిల్ల, తప్పెందుకు చెబుతుంది అని ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించావు. ఇరవై రెండేళ్ల పని అలా పోయింది.

అది కాటే. లోతు సముద్రంలో మూరెడు సొరచేప ఒకటుంటుందని పుస్తకంలో చదివాను. దాని పై పళ్లు పట్టుకోవడానికి, సూదుల్లా సన్నగా ఉంటాయి. కింది పళ్లు పెద్దవి, మూడు మూలలవి, మొదళ్లు కలిసిపోయి రంపంలా ఉంటాయి. తనకంటే ఎన్నో రెట్లు పెద్ద చేపకు పెదవులు ఆనించి, పీల్చి, అతుక్కుంటుంది. కింది పళ్లు దించి ఒళ్లు గిర్రున తిప్పితే గుండ్రటి ముక్క ఊడొస్తుంది. పెద్ద చేప చావదు, గాయంతోనే ఈదుకుంటూ పోతుంది. ఆ కింది పళ్లు ఒక్కోటిగా రాలవు, వరుసంతా ఒకేసారి ఊడుతుంది. చాలాసార్లు దాన్ని అదే మింగేస్తుందట. ఆ రోజు నా మాటను నేను అలా మింగి ఉంటే ఎంత బాగుండేది.

నిన్న మేనేజరు దగ్గరికి వెళ్లాను. సాక్ష్యమని ఐసు గదిలో ఉంచిన చేపను తీయించి, ఒక పళ్ల వరుసను గుంట అంచుకు ఆనించాను. సరిగ్గా కూర్చుంది. ఆయన చాలాసేపు చూసి, మరి ఆ రోజు నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా అన్నాడు. తర్వాత, సోమవారం పనికి రమ్మను, అతని కత్తి ఆఫీసులోనే ఉంది అన్నాడు. మామయ్యకు క్షమాపణ చెప్పండి అంటే, అది నీ పని అన్నాడు.

నిజమే, నా పనే. నన్ను క్షమించు మామయ్యా.

ఇట్లు,
నువ్వు వసపిట్టా అని పిలిచే
నీ మేనకోడలు

తా.క.: ఆ పళ్ల వరుస కాలేజీలోదని మేనేజరుతో అన్నాను. కాదు. ఆ రోజే, అమ్ముడుపోదని ఆయన నాకిచ్చిన గుంట పడ్డ ముక్కను ఇంట్లో కడుగుతుంటే, గుంట అడుగున నా వేలికి గుచ్చుకుంది. చూడగానే పళ్లని తెలిసింది. అప్పటికి నువ్వింకా ఇల్లు చేరలేదు. పరుగెత్తి ఉంటే సరిపోయేది. అందరూ మెచ్చిన మాట తప్పవుతుందని పంతొమ్మిది రోజులు కంపాసు పెట్టెలో దాచాను. ఈ కవరులో ఉంది. పదును తగ్గలేదు, చూసి తియ్యి. ఎవరికి చూపిస్తావో నీ ఇష్టం.