కువైట్ టైము

ఎస్సై గారికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నానండి. ముసలి ఫొటోగ్రాఫరు మాట ఎవరు వింటారు?

బట్టలకొట్టు గున్నేశ్వరరావు గారిని మొన్న సాయంత్రం ఏడున్నరకి ఎవరో కత్తితో నరికారు. అనుమానం ఆయన కొట్లో గుమాస్తా మణిశంకర్ మీద పడింది. ఆ వేళకి తాను పెళ్ళిలో ఉన్నానని వాడు మొత్తుకున్నాడు. ఆయన కొడుకులు వాణ్ణి నా స్టూడియోకి ఈడ్చుకొచ్చి పెళ్ళి ఫొటోలు తెరిపించారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాడు భోంచేస్తున్న ఫొటో పక్కన టైము అయిదని పడింది.

"అయిదింటికి తినేసి, ఏడున్నరకి నరికాడన్నమాట!" అన్నాడు పెద్దోడు.

"ఆగండి బాబూ, అది కువైట్ టైము. మనకి ఏడున్నర" అన్నాను. మా అల్లుడు అక్కడ కొన్న కెమెరా అది. టైము మార్చనివ్వదు మా అమ్మాయి, మొగుడు అన్నం తినే వేళ తెలియాలట.

"కంప్యూటరు అబద్ధం చెబుద్దేంటి తాతా?" అని నన్ను గోడకేసి కొట్టి, ఇనపరాడ్లతో వాడి తల పగలగొట్టారు.

ఆ ఫొటోలో వాడి వెనక ఆకాశం కారునలుపండి. వైశాఖంలో అయిదింటికే చీకటి పడుతుందా? అందరూ అంకెలే చదివారు, బొమ్మ చూసినవాడు లేడు. వాడు ఆస్పత్రిలో ఉన్నాడు. వాళ్ళు అక్కడికీ వెళ్ళేలోగా మీరొచ్చి ఆ బొమ్మ చూడండి.

ఇంతవరకూ రాసేసరికి మణిశంకర్ వాళ్ళమ్మ వచ్చింది. ఆ ఫొటోలోంచి వాడి మొహం ఒక్కటీ తీసి, దండ వెయ్యడానికి సరిపడా పెద్దది చేసిమ్మంది.