వంగిన బోల్టు

బావమరిదికి,

నీ చెక్క ఇల్లు టోర్నడోలో ఎగిరిపోయిన నాటి నుంచి మనకు మాటల్లేవు గనక క్షేమసమాచారాలు వదిలేసి విషయానికి వస్తున్నాను.

ఆ టోర్నడో మీద పరిశోధన చేస్తున్న ఔత్సాహికులు కొందరు పాత ఫోటోలు పట్టుకుని వచ్చారు. ఇళ్లు కూలిన తీరును బట్టి గాలి బలాన్ని తేలుస్తారట. "పక్కింటిని పునాదికి బోల్టులతో బిగించారా, తాతగారూ?" అని ఒకమ్మాయి అడిగింది.

సందు దొరికింది కదా అని, "కట్టింది మా బావమరిదమ్మా! వాడు బోల్టులు బిగించడమా? ఆ ఇంటికి టోర్నడో ఎందుకు, గట్టిగా తుమ్మితే చాలు" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వుతూనే గాలి స్థాయిని అన్నిటికన్నా భీకరమైన ఐదు నుంచి రెండుకు దించేశారు.

ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఈ చిన్న లెక్క తట్టలేదు. గాలి అంత అల్పమైనదైతే, దాన్ని తట్టుకుని నిలిచిన నా ఇంటి గొప్పేముంది? ఇన్నేళ్లూ ఈ వీధిలో నేను మీసం మెలేసింది దేన్ని చూసుకుని?

మర్నాడే పార తీసుకుని నీ ఖాళీ స్థలంలో పునాది తవ్వాను. బోల్టులున్నాయయ్యా! నట్టు ఊడలేదు గానీ ఇనుమే వంగిపోయింది. నా పెళ్లినాడు కూడా ఇంత సంతోషపడలేదు. మీ అక్కతో అనకు.

కట్టినవాడి నోటితోనే వినాలని వాళ్లు పట్టుబడుతున్నారు. ఆదివారం వచ్చి, గట్టిగానే బిగించానని చెప్పు. పక్కనే నిలబడి తలూపుతాను.

ఆ ఇంటికి నువ్వు కట్టిన మెట్ల సంగతి మాత్రం ఎత్తకు. అవి వంకరే.

మీ బావ