సుగ్గి దగ్గు

ఆదోని,
బుధవారం.

అమ్మకు హెప్సిబా వందనాలు.

ఊర్లో నాయన క్షేమం, మేకలు క్షేమం. అక్కడ నువ్వు, అనిల్ అన్న, వదిన, పాపాయి దేవుని కాపుదలలో ఉన్నారని తలుస్తాను. నా క్షేమం సంగతి కింద రాస్తాను.

శుక్రవారం జయన్న మేస్త్రీ లారీలో మీలాగే మిరప కోతల సుగ్గికి వలస వస్తున్న ఈరమ్మ పెద్దమ్మ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆమెకు చదువు రాదు కాబట్టి నీకంటే ముందు ఎవరూ చదవరు. ఫోనులో చెబుదామంటే అన్న స్పీకరు పెడతాడు, చుట్టూ గుడారాలన్నీ వింటాయి. నువ్వు బైబిలు మీద వేలు పెట్టి చదివినట్టు నిదానంగా చదువుకోవాలని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. మధ్యలో మడిచి దిండు కింద పెట్టవద్దమ్మా. ఇందులో పాపాయికి సంబంధించిన మాట ఉంది.

పోయిన ఉత్తరంలో అన్న చేత రాయించిన ప్రశ్నలకు జవాబులు. హాస్టల్లో తిండి బాగుంది, ఇప్పుడు నాకు రోజూ గుడ్డు కూడా పెడుతున్నారు. నాయన వారానికొకసారి ఫోను చేసి, మిరపకాయలు కోసి కోసి మీ చేతులు మంటలెత్తుతుంటాయని బాధపడతాడు.

ఇంకొకటి అడిగించావు. "సూదులేసే సదువని పంపిస్తే ఎమ్మిగనూరు ఇండ్లెంబడి తిరుగుతాండావంట. అదేం సదువు?"

అమ్మా, ఈ ఏడాది మాకు ఒక్కొక్కరికి కొన్ని ఇళ్లు అప్పగించారు. ఇంటినంతా ఒకే మనిషి అనుకుని చూడమంటారు మా మేడం. పొయ్యి పొగ ఎటు పోతుంది, తాగే నీళ్ల మీద మూత ఉందా, అందరూ తిన్నాక మిగిలింది ఎవరు తింటారు, ఎవరి పక్కన ఎవరు పడుకుంటారు. దీనికి కుటుంబ ఆరోగ్య అంచనా అని పేరు. మొదట ఆ మాట పరీక్ష పేపరు కోసమే పుట్టిందనుకున్నాను. ఇప్పుడు చాప మీద కూర్చుని అడుగుతుంటే, అడిగిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఇంకో గది తెరుచుకున్నట్టు ఉంటుంది. మాటలకు ఇంత పని ఉందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

నాకు అప్పగించిన వాటిలో బసప్ప అనే నేత పనివాడి ఇల్లు ఒకటి. ముందు గదిలో మగ్గం, వెనక వంట. కిటికీలన్నీ మూసి ఉంటాయి, ఎండు గాలి తగిలితే పోగులు తెగుతాయట. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే దగ్గుతుంటాడు. ఎన్నాళ్లుగా అని అడిగితే నవ్వినాడు.

"ఇది నూలు దగ్గమ్మా. మా నాయనకుండె, మా తాతకుండె. దీనికి యా డాక్టరూ పనికిరాడు."

"ఈయప్ప దగ్గు ఇనే నేను పొయ్యి ముట్టిస్తా రోజూ," అంది ఆయన భార్య. "ఆగిపోతే నాకు తెల్లారేది తెలీదు."

తెమడ పరీక్షకు ఇమ్మని రెండుసార్లు పోయి అడిగాను. డబ్బీ ఇస్తే గూట్లో పెట్టి మరిచిపోయాడు. మూడోసారి పోయి ఊపిరితిత్తుల గురించి చదివినదంతా చెబుతుంటే మధ్యలో నాకే దగ్గు వచ్చి మాట ఆగింది. బసప్ప మగ్గం ఆపినాడు.

"నువ్వు గూడ దగ్గుతాండావు గదా తల్లీ. నీదేం దగ్గు?"

"బస్సులో వస్తాను కదప్పా, దుమ్ము."

"నాది నూలు, నీది దుమ్ము. బాగుండాది. నువ్వు ఊసి ఇచ్చినావా?"

ఆయన భార్య పగలబడి నవ్వింది. "సరే అప్పా, ఇద్దరమూ ఇద్దాం," అన్నాను. ఆయనను ఒప్పించడానికే అన్నాను అమ్మా, నా మీద అనుమానం ఉండి కాదు. మర్నాడు పొద్దున ఆయన డబ్బీ, నా డబ్బీ ఒకే సంచిలో పరీక్షకు పోయాయి.

బసప్పకు ఏమీ లేదు. ఆయన గొంతు నిజంగా నూలు దుమ్ముకే రేగింది.

నాకు టీబీ ఉంది.

కొంచెం ఆగి, నీళ్లు తాగి చదువు. మందులు మొదలుపెట్టారు, ఉచితంగానే ఇస్తారు. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మింగితే పోతుంది. కొన్నాళ్లు నన్ను వేరే గదిలో ఉంచారు, గుడ్డు అందుకే. నన్ను చూడటానికని పని వదిలి బస్సెక్కవద్దు. నీతో పని ఇక్కడ లేదు, అక్కడే ఉంది.

మందులిచ్చే సారు అడిగారు, "మీ ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా?"

"ఎవరూ లేరు సార్," అన్నాను. నోటికి అదే వచ్చింది. పోయినేడు సుగ్గిలో మనతో వచ్చిన గిడ్డయ్య తెమడలో రక్తం పడితే మేస్త్రీ మర్నాడే ఇంటిల్లిపాదినీ బస్సెక్కించి పంపినాడు కదా. వాళ్ల గుడారం ఉన్న చోట మళ్లీ ఎవరూ గుడారం వేయలేదు. అది గుర్తొచ్చింది.

గదికి వచ్చి పడుకున్నాను. మా మేడం నేర్పిన ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకున్నాను, మన ఇంటి గురించి. పోయినేడు సెలవుల్లో నేను మీ దగ్గరకు వచ్చి నీ పక్కనే పడుకున్నాను. అప్పుడు నువ్వు దగ్గుతుంటే, "సుగ్గిలో దగ్గనోళ్లు ఎవురుండారే? మిరప ఘాటు. వానలు పడితే పోతాది," అన్నావు. అందరికీ పోయింది. నీకు పోలేదు. పత్తి తీసేటప్పుడూ దగ్గావు. క్రిస్మస్ ఆరాధనలో పాట మధ్యలో ఆపి బయటికి పోయావు. రవిక వదులైందని రెండు పక్కలా కుట్టు వేయించుకున్నావు. ఇదంతా నేను చూశాను. బసప్ప ఇంట్లో అయితే వెంటనే రాసుకునేదాన్ని.

ఎవరి పక్కన ఎవరు పడుకుంటారు అనే ప్రశ్న దగ్గర లేచి కూర్చున్నాను. పాపాయి నీ దుప్పట్లోనే పడుకుంటుంది కదా.

పొద్దున్నే పోయి సారుకు నీ పేరు చెప్పాను. మీరున్న ఊరు, అన్న ఫోను నంబరు ఇచ్చాను. నిన్ను అడగకుండా ఇచ్చాను. మంగళవారం అక్కడి ఆసుపత్రి వాళ్లు మీ గుడారాల దగ్గరకు వస్తారు. సోమవారమే నువ్వు పోయి పరీక్ష చేయించుకుంటే గుడారాల దాకా రారని సారు అక్కడి వాళ్లతో ఫోనులో మాట్లాడి చెప్పారు. మేస్త్రీకి పాపాయికి జ్వరమని చెప్పి అన్నను, వదినను కూడా తీసుకుపో. అందరికీ పరీక్ష చేస్తారు. పాపాయికి జబ్బు లేకపోయినా, రాకుండా మందు ఇస్తారు. చిన్న పిల్లలకు ఇది వస్తే పెద్దవాళ్లకు వచ్చినట్టు నిదానంగా రాదు. అందుకే ఇంత తొందర.

నీ వల్ల నాకు వచ్చిందా, నా వల్ల నీకా అని లెక్క వేయవద్దు. నేనూ వేశాను, తెగలేదు. నీకు ఏమీ లేదని కూడా తేలవచ్చు, బసప్పకు తేలినట్టు. అప్పుడు ఎంత తిట్టినా పడతాను.

ఈ రాత్రికి పాపాయిని వదిన దగ్గర పడుకోబెట్టు. ఎందుకని అడిగితే నిద్ర పట్టడం లేదని చెప్పు. నువ్వు గుడారం తలుపు పక్కకు, గాలి వచ్చే చోటికి జరుగు. దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకో. అది ఏడుస్తుంది, రెండు రోజులు ఏడవనీ.

నాకు ఫోను చేస్తావని తెలుసు. పేరు ఇచ్చినందుకు నోటికొచ్చినట్టు తిడతావనీ తెలుసు. తిట్టమ్మా, మధ్యలో నేను ఒక్క మాట మాట్లాడను. నీ మాటకూ మాటకూ నడుమ దగ్గు ఎంతసేపు ఉందో వింటుంటాను.

ఇట్లు,
నీ పేరు చెప్పిన నీ కూతురు,
హెప్సిబా.