మీ నాన్న చెయ్యి, నా చెయ్యి

మా గడుగ్గాయికి, అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ ఇద్దరం క్షేమం. నువ్వూ ఆ వంతెన పనిలో వేళకు తింటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. క్షేమమని రాశానే గానీ, నిన్న సాయంత్రం తగిలిన దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ముందు నువ్వడిగినవాటికి జవాబు చెప్పనీ.

నాన్నకు గడ్డం ఎవరు గీస్తున్నారని అడిగావు. నేనే. ఊరందరికీ నున్నగా గీసిన మనిషి ఇప్పుడు నా ముందు కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంటున్నాడు. "మెల్లగానే! అది గడ్డం, మాడిన గిన్నె కాదు" అంటాడు. వెటకారానికి మాత్రం ఓపిక తగ్గలేదు. సెలూన్ ఇంకా తెరవలేదు. పక్క కొట్టు టైలర్ కనిపించినప్పుడల్లా ఎప్పుడు తెరుస్తారని అడుగుతాడు. కత్తెర పట్టే కుడిచెయ్యే పక్షవాతంతో పడిపోతే ఏం చెప్పను?

ఇక నీ అసలు ప్రశ్న. ఓపిక లేని రోజున కూడా నాన్న వ్యాయామం మానట్లేదు కదా అన్నావు. ఒక్కరోజూ మానలేదని ప్రతి ఉత్తరంలో రాస్తూనే ఉన్నాను. ఎలా సాగిందో ఇప్పుడు విను.

ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పినవి మొదట్లో బుద్ధిగానే చేశాడు. తర్వాత "ఇవాళ మనసు బాగాలేదు, రేపు చూద్దాం" మొదలైంది. రేపు కూడా అదే పాట. నేనా, లాండ్రీలో పొద్దస్తమానం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఇల్లు చేరేసరికి నా ఒళ్లు నాకే బరువు. బతిమాలే ఓపిక ఎక్కడిది? అందుకని సోఫాలో ఆయన పక్కన కూర్చుని, ఆ చేతిని నేనే ఎత్తి దించేదాన్ని. వేళ్లు నేనే ముడిచి, నేనే విప్పేదాన్ని. ఆయన టీవీ చూసేవాడు. పని అయిపోయేది, గొడవ తప్పేది. ఎంత క్రమం తప్పనివాళ్లమో అని ఇద్దరం మురిసిపోయాం కూడా.

సెలవు మీద వెళ్లిన ఆ అమ్మాయి నిన్న మళ్లీ వచ్చింది. రోజూ చేశారా అంటే, ఒక్క పూట తప్పలేదని నేనే గొప్పగా చెప్పాను. రబ్బరు బంతి నొక్కమంది. బంతి జారి మంచం కిందికి పోయింది. చెయ్యి ఎత్తమంది. కొంచెం లేచి వాలిపోయింది. ఆయన అలవాటుగా నా వైపు చూశాడు. నేను అలవాటుగా వెళ్లి ఎత్తాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మా, ఇన్నాళ్లూ ఇలాగే చేశారా?"

"అవునమ్మా, రోజూ."

"అయితే వ్యాయామం చేసింది మీరు! కీళ్లు బిగుసుకుపోకుండా కాపాడారు, అంతవరకు మంచిదే. బలం మాత్రం ఆయన ప్రయత్నిస్తేనే వస్తుంది. ఇప్పుడు వచ్చినంత సులువుగా తర్వాత రాదు."

ప్రేమగా చేసిన పనే ఆయన కొంప ముంచిందా?

ఆ పిల్ల నాన్న వైపు తిరిగింది. "మనసు బాగుపడేదాకా ఆగకండి. ఓపిక లేనిరోజు ఒక్క వేలు కదిపినా చాలు, కాకపోతే ఆ వేలు మీరే కదపాలి. టీ తాగే ముందు కొంచెం, స్నానానికి ముందు కొంచెం. అమ్మా, ఆయనకు చొక్కా తొడగడం కూడా మానెయ్యండి" అని చెప్పి వెళ్లింది.

తలుపు వేయగానే నా కోపమంతా ఆయన మీదికి మళ్లింది. "మీరే ఎత్తాలని మీకు తెలియదా? బద్ధకంగా టీవీ చూస్తూ కూర్చున్నారే!"

"తెలుసు," అన్నాడు.

"తెలిసీ?"

"నువ్వు ఎత్తినన్నాళ్లూ అది లేచేదే. నేను ఎత్తితే లేవకపోతే? ఇంక కత్తెర లేదని ఆ రోజే తేలిపోతుంది."

చిన్నపిల్లాడిలా ఏడ్చాడమ్మా. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఏడవగా నేను చూడలేదు. బద్ధకమనుకున్నది భయమా? రోజూ ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను, ఆ సంగతి మాత్రం నాకు అంతుబట్టలేదు.

ఇంతసేపూ నీకు చెప్పకుండా దాచిందొకటుంది. ఇంత పెద్ద ఉత్తరం ఎందుకు రాస్తున్నాననుకున్నావు? పక్కగదిలో ఆయన చొక్కా తొడుక్కుంటున్నాడు. నేను ఈ కాగితం తీసినప్పుడు మొదలుపెట్టాడు, ఇంకా కాలేదు. "ఓసారి ఇలా రావే" అని పిలిచాడు, పలకలేదు. హ్యాంగర్ కింద పడింది. తర్వాత ఆ చొక్కాను, దాన్ని కుట్టినవాణ్ణి, నన్ను వరసగా తిట్టాడు. నా ప్రాణమంతా ఆ గదిలోనే ఉంది. కలం వదిలానంటే ఈ చేతులు పరిగెత్తి వెళ్లి తొడిగేస్తాయి. అందుకే వదలకుండా నీకు రాస్తున్నాను.

ఇదిగో, ఇప్పుడే మళ్లీ అరిచాడు.

"ఏమేవ్, రాకు! కుడిచెయ్యి ఎక్కింది!"

ఉలిక్కిపడి సగం లేచాను. మళ్లీ కూర్చున్నాను. ఇంకా ఎడమచెయ్యి ఉందిగా.

ఇట్లు,
ఒక చేత్తో కలాన్ని, ఒక చేత్తో కుర్చీని పట్టుకుని కూర్చున్న
మీ అమ్మ