గొంతు నరం పక్కన బిళ్ళలు

మరిదికి,

ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఆపరేషనయ్యాక తొమ్మిదో నెలలో మీ అన్నయ్యకు తీసిన స్కాన్‌లో కూడా కేన్సర్ ఏమీ కనబడలేదు. నీ నాలుగు పేజీల ఉత్తరంలో ఆ ఒక్క సంగతే అడగలేదు కాబట్టి ముందుగా రాస్తున్నాను.

ఇక అడిగినవాటికి జవాబులు. మీ అన్నయ్య మెత్తనివే తింటున్నారు, గుప్పెడు చొప్పున రోజుకు ఆరుసార్లు. అన్నవాహిక తీసేసి పొట్టను పైకి లాగి కుట్టారు గదా, తిన్నాక గంటసేపు కూర్చునే ఉండాలి. రేవుకు రారు. చేపల వేలమంతా ఆయన గొంతు మీదే నడిచింది. ఇప్పుడది గుసగుస. ఆనుకుని కూర్చుంటే నాకు వినబడుతుంది. "తమ్ముడు వేలం వేస్తుంటే చేపలు మళ్ళీ నీళ్ళలోకి పోతామంటున్నాయి" అని పడవలవాళ్ళు నవ్వుకుంటున్నారట. నీ కోపం ఎక్కడిదో నాకు తెలుసు.

"ముప్పై ఎనిమిది బిళ్ళలు తీశారు, నాలుగింట్లోనే కేన్సర్ ఉంది, మంచివి ముప్పై నాలుగు ఎందుకు కోశాడా కసాయి" అని రాశావు. గజ్జలో బిళ్ళ కడితే చేతికి తగులుతుంది. ఛాతీలోపలివి అలా తగలవు. చుట్టూ ఉన్నవి తీసి, ల్యాబులో ఒక్కొక్కటీ కోసి చూస్తే గానీ ఏది చెడ్డదో తెలియదని డాక్టరుగారు చెప్పారు. ముందే కనిపెట్టే విద్య నీకుంటే ఆపరేషన్ రోజున వచ్చి వేలుపెట్టి చూపించాల్సింది. ఆ రోజు నీకు వలల బేరం అడ్డొచ్చింది.

ఇక ఫిర్యాదు. డాక్టరు ఎవరినీ అడక్కుండా గొంతు నరం కోసేశాడని రాసి, కింద నన్ను సంతకం పెట్టమన్నావు. "మా వదినకు నోట్లో నాలుక లేదు, చూపించినచోట పెడుతుంది" అని నలుగురిలో అన్నావట. పెట్టను. అది అబద్ధం. మొదటి అబద్ధం మాత్రం నాది.

థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందు మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "బయట నువ్వుంటావుగా. గొంతు జోలికి పోతామంటే వద్దని చెప్పు. గొంతు లేకపోతే నేను లేను" అన్నారు. సరేనన్నాను.

మూడు గంటలయ్యాక డాక్టరుగారు మాస్కు దించుకుంటూ బయటికొచ్చారు.

"గొంతు నరం పక్కన బిళ్ళ ఒకటి తీసి అప్పటికప్పుడు పరీక్ష చేయించామమ్మా. చెడ్డదే. మిగిలినవి నరానికి అతుక్కుని ఉన్నాయి. తీస్తే నరం పోతుంది, మాట పోవచ్చు."

"తీస్తే బతుకుతారా?"

"అలా రాసివ్వలేను. వదిలేస్తే కేన్సర్‌ను లోపల వదిలేసినట్టే. దీని గురించి ఆయన మీతో ఏమైనా అన్నారా?"

"ఏమీ అనలేదండీ. తీసేయండి" అన్నాను.

చేతిలో జపమాల తిరుగుతూనే ఉంది. అబద్ధమాడుతున్నా నోరు తడబడలేదు.

చెడ్డవి నాలుగింటిలో మూడు అక్కడివే. ఆయన ఈ రోజు బతికుండడం వాటిని తీసినందువల్లేనా అంటే డాక్టరుగారే చెప్పలేనన్నారు. నేనూ చెప్పను. కానీ మీరంతా డాక్టరుగారిని తిడుతుంటే తొమ్మిది నెలలు నోరు మూసుకుని విన్నాను. ఆ పాపం నాదే.

నీ కాగితం వచ్చాక ఇక దాచలేక ఈ ఉదయం మీ అన్నయ్యకు చెప్పాను. గిన్నె పక్కకు నెట్టేశారు. "ఆ గొంతు నీదా?" అన్నారు. అంతే. అరవగలిగితే అరిచేవారు. లేచి పక్కగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. మధ్యాహ్నం దాటింది, ఇంకా తీయలేదు. క్షమించమని అడగలేదు నేను. డాక్టరుగారు మళ్ళీ అడిగినా అదే మాట చెబుతాను.

నీ కాగితం ఇందులోనే పెట్టాను. డాక్టరుగారి పేరు కొట్టేసి అక్కడ నా పేరు రాశాను. ఎవరినీ అడక్కుండా చేసిందాన్ని నేనే కాబట్టి కింద సంతకం కూడా పెట్టాను. ఎక్కడ ఇస్తావో ఇచ్చుకో.

ఇట్లు,
మీ అన్నయ్య తలుపు తీసినా తీయకపోయినా,
నీ వదిన