మేష్టారి కారు బాగైంది

తేదీ 14, మంగళవారం
మధ్యాహ్నం

పూజ్యులైన అక్కకి,

మీ చెల్లెలు చేతులు జోడించి రాసేది. ముందుగా నా దస్తూరీ చూసి నవ్వకండి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలియదు. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి. తోటికోడళ్ళమన్న మాటేగానీ నాలుగేళ్ళు ఒకే వంటింట్లో అక్కాచెల్లెళ్ళలా మసిలాం. నా సంగతి మీకు తెలియంది కాదు.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీరు వెళ్ళి నెల దాటింది. మీ కుట్టుమిషను ఉన్న మూల ఖాళీగానే ఉంచాను, అక్కడ ఏం పెట్టాలన్నా చేతులు రావడం లేదు. బావగారు గోడౌనులో కాపలా పనికి చేరారని విన్నాను. మన షెడ్డులో ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నారంటే నాకు అన్నం సయించడం లేదు.

మేష్టారి కారు బాగైంది. అది చెప్పాలనే రాస్తున్నాను. బావగారు ఇంజను మీది మూతకి మూడుసార్లు ప్యాకింగ్ మార్చినా, వారం తిరక్కుండా ఆయిల్ కారుతూనే వచ్చింది కదా. మేష్టారేమో రోజూ కారు కింద పాత పేపరు పరిచి, పొద్దున్నే చుక్కలు లెక్కపెట్టి, ఈవేళ పదకొండు అని వచ్చి చెప్పేవారు, మార్కులు చదివినట్టు. మూడోసారి ఆయన ఎదురుగానే మీ మరిది, అన్నయ్యా నీ చేతులు వణుకుతున్నాయి, ఇక పానా పక్కన పెట్టు, అనేశారు. బావగారు చేతులు తుడుచుకుని, ఆ గుడ్డ నాలుగు మడతలు పెట్టి బల్లమీద ఉంచి బయటికి నడిచారు. ఆ మడతలు ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి.

తరవాత మీ మరిది స్వయంగా ప్యాకింగ్ వేశారు. మళ్ళీ కారింది. నీ చేతులు కూడా వణుకుతున్నాయా నాయనా, అన్నారు మేష్టారు. దాంతో మొన్న ఆదివారం మీ మరిది పంతం పట్టి కారు కింద దూరారు. ఇంజను ఆవిరి వదిలే గొట్టంలో తీగ పెట్టి లాగితే, బొగ్గులాంటి గుడ్డముక్క ఒకటి ఊడివచ్చింది. ఆవిరి పోయే దారిలేక, లోపల బిగిసి, ఆయిల్‌ని ప్యాకింగ్ సందుల్లోంచి బయటికి తోస్తోందట. గుడ్డ తీసినప్పటినుంచీ మేష్టారి పేపరు మీద ఒక్క చుక్క లేదు.

అక్కా, అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మీ మరిది, సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు షెడ్డులో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు, నా పరువు తియ్యాలని వాడే కుక్కిపోయాడు, అన్నారు. వాడు అని అన్నారక్కా, బావగారిని. ఆయన అలాంటి మనిషి కాదండీ అన్నాను. నీకేం తెలుసు, లోపలికి వెళ్ళు, అన్నారు. వెళ్ళాను. నేనెప్పుడూ అంతే కదా.

బావగారికి నా నమస్కారం చెప్పండి. ఆయన మొహం చూసే అర్హత నాకు లేదు.

మీ చెల్లెలు

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. ఆ గుడ్డ కుక్కింది నేనే.

మొదటిసారి పని ముగించి బావగారు స్నానానికి వెళ్ళారు. మీ మరిది మేష్టారిని తీసుకురావడానికి వెళ్ళారు. ఆ గొట్టం చివర ఒక చుక్క వేలాడుతూ కనిపించింది. మేష్టారు వంగి చూస్తే బావగారు చిన్నబోతారని, మీరు నాకు జాకెట్టు కుట్టగా మిగిలిన ముక్కని ఉండచుట్టి, గరిటె కాడతో లోపలికంటా తోశాను. మంచిపనే చేశాననుకున్నాను. మూడోసారి బావగారు, ప్యాకింగ్‌ది కాదురా తప్పు, లోపలెక్కడో ఊపిరి బిగిసింది, నన్ను చూడనివ్వు, అన్నారు. సాకులు చెప్పకు అని మీ మరిది కసిరారు. తలుపు వెనక నిలబడ్డ నాకు అప్పుడే అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. బావగారు గుడ్డ మడతపెడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

మీ మరిది పారెయ్యమని ఇచ్చిన ఆ ముక్కని నాలుగుసార్లు సబ్బుపెట్టి ఉతికాను. పచ్చ గళ్ళు బయటపడ్డాయి. ఇందులో పెడుతున్నాను, మీరు గుర్తుపడతారు.

సాయంత్రం షెడ్డు మూశాక మీ మరిదితో చెప్పేస్తాను. ఆయన మీ ఇంటికి వచ్చి బావగారి చేతులు పట్టుకుంటే ఈ కాగితం పొయ్యిలో పెట్టెయ్యండి, ఇంకెవరి కంటా పడనివ్వకండి. నాలుగు రోజులు చూసినా రాకపోతే, నాకు నోరు పెగల్లేదని తెలుసుకోండి. అప్పుడు ఈ ఉత్తరం, ఈ ముక్క బావగారికిచ్చి పంపి మీ మరిది చేత చదివించండి. ఆ తరవాత నా ఎదురుగానే కాల్చెయ్యమనండి.